ఫ్రిజ్ చల్లబడటం లేదు: ఆర్600ఎ గ్యాస్ నింపేముందు ఏం చూడాలి, ఎలా నింపాలి?

వేసవిగాలి

సింగిల్ డోర్ ఫ్రిజ్, డైరెక్ట్ కూల్, 190 లీటర్లు. వెనక ప్లేటు మీద ఆర్600ఎ (చల్లబరిచే గ్యాస్ పేరు), 38 గ్రాములు అని ఉంది. కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంది. ఫ్రీజర్‌లో పైపు లోపలికి వచ్చే మూల దగ్గర అరచేయంత మేర మంచు పడుతోంది, మిగతా ప్లేటంతా పొడిగా ఉంది. కింది అరలో పెట్టిన థర్మామీటర్ 17 డిగ్రీలు దిగడం లేదు. థర్మోస్టాట్ చివరిదాకా తిప్పినా తేడా లేదు. మామూలుగా పక్క గోడల మీద చెయ్యి పెడితే వెచ్చగా తెలిసేది, ఇప్పుడు అది కూడా దాదాపు లేదు.

చూసినవాళ్ళు "గ్యాస్ అయిపోయింది, ఛార్జింగ్ పైపుకి పిన్ వాల్వ్ వేసి మంచు పట్టేదాకా టాపప్ చేస్తే సరిపోతుంది" అంటున్నారు. అడగదలచుకున్నవి ఇవి. నిజంగా గ్యాస్ సమస్యేనా, ఎలా తేల్చుకోవాలి? నింపేటప్పుడు ప్రెషర్ చూడాలా, తూకం చూడాలా? ఫిల్టర్ డ్రయర్ (తేమ, చెత్త పట్టుకునే చిన్న గొట్టం) తప్పనిసరిగా మార్చాలా? ఇంకో రకం ఫ్రిజ్ గ్యాస్, ఆర్134ఎ డబ్బా ఒకటి చేతిలో ఉంది, అది వాడొచ్చా? బ్రేజింగ్ టార్చ్, మానిఫోల్డ్ గేజ్, వాక్యూమ్ పంపు అందుబాటులో ఉన్నాయి. రాగి పైపు అతకడం వచ్చు, ఫ్రిజ్ సీల్డ్ సిస్టమ్ మాత్రం కొత్త.

మల్టీమీటర్

పైపు కోయకుండా చేయగల పరీక్షలు ముందు చేయండి. సీల్ చేసిన సిస్టమ్‌లో గ్యాస్ ఖర్చయ్యే వస్తువు కాదు. తగ్గిందంటే ఎక్కడో రంధ్రం ఉంది. దాన్ని వెతక్కుండా టాపప్ చేస్తే, రంధ్రం ఎంత చిన్నదైతే అంత ఎక్కువ కాలం నడుస్తుంది. అంతకుమించి ఏమీ జరగదు.

మీరు చెప్పిన లక్షణాలకు కారణాలు మూడు ఉండొచ్చు: గ్యాస్ తక్కువవడం, డ్రయర్ గానీ కెపిలరీ (ద్రవాన్ని ఫ్రీజర్‌లోకి వదిలే సన్న పైపు) గానీ సగం చోక్ అవడం, అంటే మూసుకుపోవడం, కంప్రెసర్ పంపింగ్ తగ్గడం. మూడోదాన్ని పక్కన పెట్టడం తేలిక. పంపింగ్ బలహీనమైతే ప్లేటంతా ఒకే రకంగా అరకొరగా చల్లబడుతుంది, ఒక్క మూలలోనే గట్టి మంచు కట్టదు. మొదటి రెండూ మాత్రం ఫ్రీజర్‌లో ఒకేలా కనిపిస్తాయి. లోపలికి వచ్చే ద్రవం తక్కువ కాబట్టి మొదటి మలుపుల్లోనే మొత్తం ఆవిరైపోతుంది, మంచు అక్కడికే పరిమితమవుతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: చోక్ అయిన ఫ్రిజ్‌కి గ్యాస్ ఎక్కించేస్తారు.

తేడా కండెన్సర్ వైపు, అంటే వేడి బయటికి వదిలే పైపుల వైపు తెలుస్తుంది. చోక్ అయితే ద్రవం కండెన్సర్‌లో పోగుపడుతుంది. మొదటి వరసలు వేడిగా, చివరి వరసలు గది వేడికి దగ్గరగా ఉంటాయి. డ్రయర్‌లోనే అడ్డు ఉంటే డ్రయర్ ముందువైపు కంటే కెపిలరీ వైపు కొస చల్లగా ఉంటుంది, కొన్నిసార్లు చెమ్మ కూడా పడుతుంది. గ్యాస్ తక్కువైతే కండెన్సర్ మొత్తం నీరసంగా, ఒకే రకం గోరువెచ్చగా ఉంటుంది.

ఫ్రిజ్ ఆపిన వెంటనే ఫ్రీజర్ దగ్గర చెవి పెట్టండి. హై సైడ్ (ప్రెషర్ ఎక్కువుండే కండెన్సర్ వైపు) నుంచి లో సైడ్‌కి (ప్రెషర్ తక్కువుండే ఫ్రీజర్ వైపు) గ్యాస్ సర్దుకునేటప్పుడు "స్‌స్‌" మని కొన్ని నిమిషాలు వినిపించాలి. పూర్తిగా చోక్ అయితే ఆ శబ్దం ఉండదు. ప్రెషర్లు సమానం కావు కాబట్టి కంప్రెసర్‌ని మళ్ళీ ఆన్ చేస్తే లేవలేక ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతుంది. గ్యాస్ బాగా తగ్గితే శబ్దం సన్నగా మొదలై త్వరగా ఆగిపోతుంది.

తేమ వల్ల చోక్ అయితే వేరే గుర్తు ఉంది. కాసేపు బాగా చల్లబడుతుంది, తర్వాత ఆగిపోతుంది, ఆపి ఉంచితే మళ్ళీ కొంతసేపు పనిచేస్తుంది. కెపిలరీ ఫ్రీజర్‌లోకి తెరుచుకునే చోట నీటిచుక్క గడ్డకట్టడమే దానికి కారణం. ఆ జాయింట్ మీద వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ పెట్టండి. బుస్సుమని శబ్దం వచ్చి మంచు పాకడం మొదలైతే తేమ ఉన్నట్టే.

కంప్రెసర్ తీసుకునే కరెంటు కూడా చూడండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్మకండి. చిన్న మోటార్లలో పవర్ ఫ్యాక్టర్ తక్కువ కాబట్టి లోడు సగానికి పడిపోయినా ఆంపియర్లు అంతగా తగ్గవు. వాట్ మీటర్ ఉంటే అసలు సంగతి తెలుస్తుంది.

ఇదే ఫిర్యాదు ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ గురించి అయితే గ్యాస్ మాట చివర్లో ఎత్తాలి. అందులో ఫ్యాన్ ఆగినా, మంచు కరిగించే డిఫ్రాస్ట్ హీటరో, దాని బైమెటల్ స్విచ్చో పోయి కాయిల్ మంచుగడ్డలో మూసుకుపోయినా ఫ్రీజర్ కొంత చల్లగా, కింది భాగం వేడిగా ఉంటుంది. కాయిల్ మొత్తం తెల్లగా మంచు పట్టి ఉంటే గ్యాస్ బాగానే ఉందని అర్థం.

మీరు చెప్పాల్సినవి: ఆపాక శబ్దం ఎంతసేపు వస్తోంది, కరెంటు ఎంత, కండెన్సర్ వెనక జాలీయా, గోడలో ఉందా. ఫ్రీజర్‌లో ఎప్పుడైనా చాకుతో గానీ స్క్రూడ్రైవర్‌తో గానీ మంచు పెకలించారా?

వేసవిగాలి

కండెన్సర్ బయటికి కనిపించదు, పక్క గోడల్లోనే ఉంది. రెండు గోడలూ పైనుంచి కిందిదాకా ఒకేలా ఉన్నాయి, గది కంటే కొద్దిగా వెచ్చన. ప్లేటు మీద 0.8 ఆంపియర్ అని ఉంది, నడిచేటప్పుడు 0.55 చూపిస్తోంది. ఆపాక శబ్దం అర నిమిషంలో ఆగిపోతోంది. వేడి గుడ్డతో మార్పేమీ లేదు.

చాకు మాట నిజమే. ఫ్రీజర్ నేల మీద, ఉబ్బెత్తుగా ఉన్న గాడి పక్కన సన్నటి గీత ఉంది. దాని చుట్టూ పసుపుపచ్చ జిడ్డు, తుడిచినా మర్నాటికి మళ్ళీ వస్తోంది.

రాగిగొట్టం

ఆ జిడ్డు కంప్రెసర్ ఆయిల్. లీక్ దొరికినట్టే. ముందు ఫ్రిజ్ స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి, ఇక నడపొద్దు.

ఎందుకో చెబుతాను, మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఆర్600ఎ మామూలు వాతావరణ పీడనంలో సుమారు మైనస్ 12 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఫ్రీజర్ కాయిల్ మైనస్ 23 దగ్గర ఉన్నప్పుడు లోపలి పీడనం దాదాపు 0.6 బార్ అబ్సల్యూట్ (పూర్తి శూన్యం నుంచి లెక్క), అంటే బయటి గాలి కంటే తక్కువ. ఆర్134ఎ అయితే అదే ఉష్ణోగ్రత దగ్గర 1.15 బార్ వరకు ఉంటుంది, కాబట్టి గ్యాస్ బయటికి పోతుందే తప్ప గాలి లోపలికి రాదు. మీ ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఆగినప్పుడు గ్యాస్ బయటికి పోయింది, నడిచినప్పుడల్లా గాలీ తేమా లోపలికి వెళ్ళాయి. గాలి కండెన్సర్‌లో ద్రవం కాకుండా పోగుపడి హై సైడ్ ప్రెషర్ పెంచుతుంది. తేమ కెపిలరీ కొసలో గడ్డకడుతుంది, కొంత ఆయిల్‌ని పాడుచేస్తుంది. అందుకే ఈ గ్యాస్‌లో లో సైడ్ లీక్ అయితే డ్రయర్ మార్చకుండా, లోతైన వాక్యూమ్ లాగకుండా టాపప్ చేయడం అనే మాటే లేదు.

గ్యాస్ తీసేయడం, లోపల నైట్రోజన్‌తో కడగడం గురించి చలిమంట గారు రాస్తారనుకుంటాను. అది అయ్యాకే కింది పనులు.

రంధ్రం సంగతి. మీ ఫ్రీజర్ రెండు అల్యూమినియం రేకులు కలిపి గాడులు ఉబ్బించిన రోల్‌బాండ్ ప్లేటు. వెనకాల ప్లాస్టిక్, ఫోమ్ ఉంటాయి కాబట్టి లోపల టార్చ్ పెట్టొద్దు. సూదిమొన రంధ్రమైతే అల్యూమినియం పొడి కలిసిన రెండు భాగాల ఎపాక్సీ నిలబడుతుంది. లో సైడ్ మీద పడే ప్రెషర్ తక్కువ, 25 డిగ్రీల గదిలో ఆగి ఉన్నప్పుడు కూడా 2.5 బార్ గేజ్ (బయటి గాలి పీడనానికి పైన లెక్క) దాటదు. ఎపాక్సీ ఊడిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ప్రెషర్ కాదు, కింద మిగిలిన ఆయిలే. చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర రంగు పోయి లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దండి. అసిటోన్‌తో తుడవండి, కొత్త గుడ్డతో మళ్ళీ తుడవండి, గుడ్డకి మరక అంటని దాకా. పూసేటప్పుడు సిస్టమ్ ఒకవైపు తెరిచి ఉండాలి. లోపల ప్రెషర్ ఉంటే బుడగ లేస్తుంది, వాక్యూమ్ ఉంటే జిగురు గాడిలోకి పీల్చుకుపోయి దారే మూసేస్తుంది. 24 గంటలు ఆరనివ్వండి. అది రంధ్రం కాకుండా పొడవాటి చీలికైనా, ప్లేటు తుప్పు తిని పలచబడినా ప్యాచ్ మీద శ్రమ దండగ, ఫ్రీజర్ ప్లేటే మార్చాలి.

తర్వాత నైట్రోజన్ టెస్ట్. రెగ్యులేటర్ లేకుండా సిలిండర్ తగిలించొద్దు. ఆక్సిజన్ అసలే వద్దు, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. మామూలు కంప్రెసర్ గాలి కూడా వద్దు, తేమ ఉంటుంది. 7 బార్, అంటే సుమారు 100 పిఎస్ఐ పెట్టి సబ్బు నురగతో ప్యాచ్, జాయింట్లు చూడండి. ప్లేటు మీద లో సైడ్ పరిమితి అంతకంటే తక్కువ రాసి ఉంటే దానికే కట్టుబడండి. రాత్రంతా వదిలి పొద్దున గేజ్ చూసేటప్పుడు గది వేడి కూడా లెక్కలోకి తీసుకోండి. 10 డిగ్రీలు చల్లబడితే అబ్సల్యూట్ ప్రెషర్ సుమారు 3 శాతం తగ్గుతుంది, 8 బార్ అబ్సల్యూట్ మీద పావు బార్. అది లీక్ కాదు.

ఒక లీక్ దొరికిందని రెండోది లేదనుకోవద్దు. మీ కండెన్సర్ గోడలో ఉంది, చాలా మోడల్స్‌లో తలుపు చట్రం చుట్టూ చెమ్మ పట్టకుండా వేడి పైపు కూడా తిరుగుతుంది. అవి ఇనుప పైపులు, ఫోమ్ లోపల తుప్పు తింటే సబ్బు నురగకి దొరకవు. గేజ్ నెమ్మదిగా పడుతూ ఉంటే డిశ్చార్జి పైపు, కెపిలరీ విడదీసి హై సైడ్‌ని విడిగా పరీక్షించండి. పడేది హై సైడే అయితే లోపలి పైపు వదిలేసి వెనక బయటి కండెన్సర్ కట్టడం తప్ప దారి లేదు.

డ్రయర్: తప్పనిసరిగా కొత్తది, ఎక్స్‌హెచ్-9 రకం, అంతే సైజు. పాతదాన్ని టార్చ్‌తో ఊడదీయొద్దు. వేడికి అది ఇన్నాళ్ళు పట్టుకున్న తేమంతా వదిలేస్తుంది, అది నేరుగా పైపుల్లోకి పోతుంది. కట్టర్‌తో కోసి తీయండి. కెపిలరీని కట్టర్‌తో కోయకూడదు, మూతి నొక్కుకుపోతుంది. సన్న ఆకురాయితో చుట్టూ గీత పెట్టి అటూ ఇటూ వంచితే శుభ్రంగా విరుగుతుంది. రెండు మూడు సెంటీమీటర్లు తీసేయండి చాలు. కెపిలరీ పొడవు బాగా తగ్గితే ఛార్జి లెక్క మారిపోతుంది. కొత్త డ్రయర్‌లోకి 12 నుంచి 15 మిల్లీమీటర్లు దూర్చి, లోపలి జాలీకి తగలకుండా ఆపాలి. ముందే మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. జాలీకి ఆనితే అక్కడే మూసుకుపోతుంది, మరీ పైపైన ఉంటే బ్రేజింగ్ లోహం మూతిలోకి పాకుతుంది. డ్రయర్ నిలువుగా, కెపిలరీ కొస కిందికి ఉండేలా బిగించండి, లేకపోతే ద్రవంతోపాటు ఆవిరి కూడా పోతుంది. ప్యాకెట్ మూత అతికే నిమిషంలోనే తీయాలి.

రాగికి రాగి అయితే ఫాస్ఫరస్ కడ్డీ, ఫ్లక్స్ అక్కర్లేదు. ఇనుప పైపుకి రాగి అయితే వెండి కడ్డీ, ఫ్లక్స్ కావాలి. ఫాస్ఫరస్ కడ్డీ ఇనుము మీద పెళుసుగా అతుకుతుంది, వణుకుడికి విరుగుతుంది. రాగికి అల్యూమినియం అయితే నొక్కి బిగించే లాక్‌రింగ్ మేలు. నిజానికి ఆర్600ఎ ఫ్రిజ్‌లో అన్ని జాయింట్లకీ అదే మేలు.

చలిమంట

ఆర్600ఎ అంటే ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. గాలిలో 1.8 శాతం చేరితే అంటుకుంటుంది, సుమారు 8.4 శాతం దాకా ఆ ప్రమాదం ఉంటుంది. 38 గ్రాములు చిన్న మొత్తంలా అనిపిస్తుంది. గది ఉష్ణోగ్రతలో అది దాదాపు 16 లీటర్ల ఆవిరి. 16 లీటర్లు 190 లీటర్ల పెట్టెలో కారితే 8 శాతం, సరిగ్గా అంటుకునే పరిధిలో. మీ లీక్ ఫ్రీజర్ లోపలే ఉంది, దీపం స్విచ్, థర్మోస్టాట్ కాంటాక్టులు కూడా సాధారణంగా ఆ పెట్టెలోనే ఉంటాయి. కంపెనీలు ఈ గ్యాస్ ఉన్న ఫ్రిజ్‌కి నిప్పురవ్వ బయటపడని స్విచ్‌లు పెడతాయి. మార్చేటప్పుడు మామూలువి పెడితే ఆ రక్షణ పోయినట్టే. తలుపు తెరిచి పెట్టి, ఫ్రిజ్‌ని గాలి ఆడే చోటికి జరిపాకే పని మొదలుపెట్టండి. ఈ గ్యాస్ గాలి కంటే రెండింతలు బరువు, నేల మీద పరుచుకుంటుంది. కిందనున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, పొయ్యి, పూజ దీపం అన్నీ లెక్కలోకి వస్తాయి.

ప్రాసెస్ పైపుకి (కంప్రెసర్ మీది ఛార్జింగ్ పైపు) రంధ్రం చేసే పియర్సింగ్ ప్లయర్ బిగించి, గొట్టం కొస బయట బహిరంగంగా, కిటికీలకు, కాలువ మూతలకు దూరంగా పెట్టి వదలండి. గేజ్ సున్నా చూపించినా పని అయిపోలేదు. ఆయిల్‌లో గ్యాస్ కరిగి ఉంటుంది, నెమ్మదిగా పొంగుతూ బయటికి వస్తుంది. వాక్యూమ్ లాగి, పంపు వదిలేది కూడా బయటికే పంపి, నైట్రోజన్‌తో నింపి వదలండి. మళ్ళీ వాక్యూమ్, మళ్ళీ నైట్రోజన్. డ్రయర్‌ని కట్టర్‌తో కోసి తీశాక సన్నగా నైట్రోజన్ పారుతుండగానే టార్చ్ వెలిగించండి. అప్పుడు పైపు లోపల నల్ల పొక్కు కూడా కట్టదు. వాక్యూమ్ పంపు స్విచ్ దగ్గర నిప్పురవ్వ రావచ్చు కాబట్టి పంపుని దూరంగా పెట్టి, దాని స్విచ్ ఆన్‌లోనే ఉంచి, ప్లగ్‌ని దూరంలో ఉన్న సాకెట్ దగ్గర నియంత్రించండి.

ఆర్134ఎ డబ్బా పక్కన పెట్టేయండి. ఒకే గదికి ఒకే చల్లదనం ఇవ్వాలంటే ఆర్600ఎ కంప్రెసర్ సిలిండర్ ఆర్134ఎ దానికంటే దాదాపు రెట్టింపు పెద్దదిగా ఉండాలి, ఎందుకంటే ఈ గ్యాస్ ఆవిరి పలచన. ఆ పెద్ద సిలిండర్‌లోకి చిక్కటి ఆర్134ఎ పంపితే మోటారు మీద లోడు మితిమీరి ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతూనే ఉంటుంది. పైగా మీ కంప్రెసర్‌లోది మినరల్ ఆయిల్ రకం. ఆర్134ఎ దానితో కలవదు, వెళ్ళిన ఆయిల్ తిరిగి రాదు. తిరగేసి ఆర్134ఎ ఫ్రిజ్‌లో ఆర్600ఎ పోస్తే సగం చల్లదనమే వస్తుంది, దాని స్విచ్‌లు మండే గ్యాస్ కోసం చేసినవీ కావు. వంట గ్యాస్ గురించి అడగకముందే చెబుతున్నా, అది కూడా వద్దు. అందులో ప్రొపేన్ పాలు ఎక్కువ తక్కువలు ఉంటాయి, తేమ, వాసన కోసం కలిపిన గంధకపు పదార్థం ఉంటాయి.

ఆర్134ఎ కోసం కొన్న ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ ఇక్కడ పనికిరాదు, హైడ్రోకార్బన్ పసిగట్టేది కావాలి. సబ్బు నురగ ఉంటే చాలావరకు గడిచిపోతుంది.

రాగిగొట్టం

ఇక వాక్యూమ్, ఛార్జింగ్.

వాక్యూమ్‌కి నిమిషాల లెక్క కాదు, లోతు లెక్క. దాన్ని మైక్రాన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ వాక్యూమ్ లోతు. 25 డిగ్రీల గదిలో నీరు దాదాపు 24,000 మైక్రాన్ల దగ్గర మరుగుతుంది, 500 మైక్రాన్ల దాకా దింపితే మిగిలిన తేమ ఆవిరై బయటికి వస్తుంది. మామూలు కాంపౌండ్ గేజ్ ముల్లు 5,000 దగ్గరా, 500 దగ్గరా ఒకేచోట నిలబడుతుంది. దాన్ని చూసి సరిపోయిందనుకోవడం పప్పులో కాలేయడమే. మైక్రాన్ గేజ్ పెట్టుకోండి. ప్రాసెస్ పైపు ఒక్కదాని నుంచే లాగితే కండెన్సర్‌లోని గాలి సన్న కెపిలరీ గుండా రావాలి, అది గంటల పని. రెండు మూతుల డ్రయర్ దొరికితే రెండో మూతికి వాల్వ్ పెట్టి రెండు వైపుల నుంచీ లాగండి. లేదంటే ఒకసారి లాగి, నైట్రోజన్‌తో వాక్యూమ్ విరిచి, మళ్ళీ లాగడం మూడుసార్లు చేయండి.

పంపు వాల్వ్ మూసి పది నిమిషాలు చూడండి. ముల్లు కొంచెం లేచి 1,000 నుంచి 1,500 దగ్గర ఆగిపోతే లోపల ఇంకా తేమ ఉంది, మళ్ళీ లాగండి. ఆగకుండా లేస్తూనే ఉంటే లీక్. వాక్యూమ్‌లో ఉన్నప్పుడు కంప్రెసర్ ఆన్ చేయొద్దు. పలచటి గాలిలో టెర్మినళ్ళ మధ్య విద్యుత్తు దూకి వైండింగ్ కాలిపోతుంది.

నింపేది తూకంతోనే. ఒక గ్రాము తేడా చూపించే కాటా మీద డబ్బాని నిలబెట్టి, ఆవిరి రూపంలో పంపండి. గొట్టం పొట్టిగా ఉండాలి. మీటరున్నర మామూలు గొట్టంలో సుమారు 30 మిల్లీలీటర్ల చోటు ఉంటుంది. ఆవిరి అయితే అందులో మిగిలేది పావు గ్రాము. డబ్బా తలకిందులు చేసి ద్రవం పంపితే అందులోనే 16 గ్రాముల దాకా నిలబడుతుంది, మీ 38లో నలభై శాతం గొట్టంలోనే ఉండిపోతుంది. కాటా 38 చూపిస్తుంది, ఫ్రిజ్‌లో 22 ఉంటుంది. తర్వాత "తూకం ప్రకారమే వేశాం, అయినా మంచు పాకలేదు" అంటారు.

కంప్రెసర్ ఆపి ఉండగా మొదట 15 గ్రాముల దాకా దానంతట అదే పీల్చుకుంటుంది. గొట్టంలో గాలి లేకుండా ముందే తీసేయండి. తర్వాత కంప్రెసర్ ఆన్ చేసి మిగతాది మెల్లమెల్లగా వదలండి. 38 దగ్గర వాల్వ్ మూసేయాలి. గేజ్ ముల్లు సున్నా కిందికి, వాక్యూమ్ వైపు పోతుంది. ఆర్134ఎ అలవాటు ఉన్నవాళ్ళు దాన్ని చూసి ఇంకా తక్కువే ఉందనుకుని పోస్తూ పోతారు. ఈ గ్యాస్‌కి అది మామూలే.

మల్టీమీటర్

రాగిగొట్టం గారు చెప్పినదానికి ఒక చేర్పు. పిన్ వాల్వ్‌ని శాశ్వతంగా వదిలేయొద్దు. ఆర్134ఎ పెద్ద సిస్టమ్‌లో ఏటా ఒక గ్రాము కారినా తెలియదు. 38 గ్రాముల సిస్టమ్‌లో నాలుగైదు గ్రాములు పోయినా చల్లదనం పడిపోతుంది. పైగా నడిచేటప్పుడు ఆ రబ్బరు వాషర్ గుండా గాలి లోపలికి పోతుంది. పించింగ్ ప్లయర్‌తో ప్రాసెస్ పైపుని రెండుచోట్ల నొక్కి, వాల్వ్ కోసేసి, కొసని లాక్‌రింగ్ మూతతో బిగించండి.

జాయింట్లు ఎప్పుడు పరీక్షించాలో కూడా గుర్తుంచుకోండి. హై సైడ్ జాయింట్లని కంప్రెసర్ నడుస్తున్నప్పుడు, లో సైడ్‌వీ ప్రాసెస్ పైపు కొసనూ కంప్రెసర్ ఆపి ప్రెషర్లు సమానమయ్యాక. నడుస్తుండగా లో సైడ్ మీద నురగ పూస్తే బుడగ రాదు సరికదా, రంధ్రం ఉంటే సబ్బునీళ్ళే లోపలికి పోతాయి.

వేసవిగాలి

అందరికీ ధన్యవాదాలు. ఎపాక్సీ పెట్టి, 7 బార్ మీద రాత్రంతా వదిలితే ముల్లు కదల్లేదు. డ్రయర్ మార్చి, మూడుసార్లు వాక్యూమ్ లాగాక 420 మైక్రాన్ల దగ్గర నిలబడింది. ఆవిరి రూపంలో 38 గ్రాములు వేసి పించ్ చేశాను. ఇప్పటికి గంటైంది. ఫ్రీజర్ ప్లేటులో మూడొంతులు మంచు పట్టింది, చివరి మలుపులు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. పక్క గోడలు వేడెక్కాయి, కరెంటు 0.75. ఇంకో ఐదు గ్రాములు వేసి ఉండాల్సిందా?

రాగిగొట్టం

వద్దు. 38కి ఐదు గ్రాములంటే 13 శాతం ఎక్కువ. వేడి ఫ్రిజ్ మొదటి గంటలో ఎప్పుడూ అలాగే ఉంటుంది. లోడు ఎక్కువ కాబట్టి ద్రవం చివరిదాకా చేరకముందే ఆవిరవుతుంది, కొంత గ్యాస్ ఆయిల్‌లో కరుగుతుంది. పెట్టె చల్లబడేకొద్దీ మంచు దానంతట అదే చివరి మలుపుదాకా పాకుతుంది. ఖాళీ ఫ్రిజ్‌ని తలుపు తెరవకుండా ఐదారు గంటలు వదలండి, థర్మోస్టాట్ మధ్యలో పెట్టండి.

ఎక్కువైతే ఎలా ఉంటుందంటే, కంప్రెసర్‌కి తిరిగివచ్చే సక్షన్ పైపు మీద మంచు కడుతుంది, కరెంటు ప్లేటు మీది అంకె దాటుతుంది, గోడలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి, కంప్రెసర్‌లోకి ద్రవం వెళ్ళి వాల్వ్ పలకలు విరిగే ప్రమాదం ఉంటుంది. సక్షన్ పైపు కంప్రెసర్ దగ్గర గది వేడికి కొంచెం తక్కువగా, పొడిగానో స్వల్పంగా చెమ్మగానో ఉంటే ఛార్జి సరిగ్గా ఉన్నట్టు.

మల్టీమీటర్

చివరి పరీక్ష థర్మోస్టాట్‌ది. అది కట్ చేసి కంప్రెసర్‌ని ఆపాలి, కాసేపటికి మళ్ళీ ఆన్ చేయాలి. మొదటి రోజు ఎక్కువసేపు నడిచినా ఫర్వాలేదు. రెండో రోజు కూడా ఆగకుండా నడుస్తుంటే తలుపు రబ్బరు, థర్మోస్టాట్ బల్బు ప్లేటుకి ఆని ఉందా లేదా చూడండి, గ్యాస్ జోలికి పోకండి. కింది అరలో గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ పెట్టి 24 గంటల తర్వాత చూడండి, 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉండాలి. ఆపాక స్‌స్‌ శబ్దం ఎంతసేపు వస్తుందో ఇప్పుడే రాసి పెట్టుకోండి. నెల తర్వాత అది బాగా తగ్గితే ప్యాచ్ దగ్గర మళ్ళీ జిడ్డు వెతకాలి.

వేసవిగాలి

పొద్దుటికి ప్లేటంతా మంచు. నీళ్ళు 4 డిగ్రీలు. కంప్రెసర్ ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. సక్షన్ పైపు పొడిగా ఉంది. శబ్దం దాదాపు నాలుగు నిమిషాలు.

చలిమంట

మంచిది. వెనక ప్లేటు పక్కన ఒక స్టిక్కర్ అంటించండి: ఆర్600ఎ 38 గ్రాములు, డ్రయర్ మార్చిన తేదీ, ఫ్రీజర్ నేల మీద ఎపాక్సీ ప్యాచ్. తర్వాత తెరిచేవాళ్ళు టార్చ్ వెలిగించకముందే అది కంట పడాలి. మంచు పెరిగితే ప్లగ్ తీసి, వేడినీళ్ళ గిన్నె లోపల పెట్టి తలుపు వేయండి. కరిగి అట్టలుగా ఊడుతుంది, ప్లాస్టిక్ గరిట చాలు.